అయిదు జన్యువుల వైరస్: ఒక ప్రసంగ పాఠం

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వైద్య, పశువైద్య విద్యార్థులకు, విషయం మీద ఆసక్తితో వచ్చిన మీ అందరికీ నమస్కారం.

ఈ రోజు నేను మాట్లాడబోయే వైరస్ మన దేశపు పశువుల్లో కనిపించేది కాదు. దాని స్వస్థలం అమెరికా ఖండాలు. అయినా వరంగల్‌లో నిలబడి దాని గురించి మాట్లాడటానికి నాకు గట్టి కారణమే ఉంది. దాని దగ్గరి చుట్టం ఒకటి 2003లో ఈ జిల్లాల పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. ఆ సంగతికి తప్పకుండా వస్తాను. ఆ చుట్టాన్ని ఎదుర్కోవడానికి పనికొచ్చే విద్య అంతా ఈ వైరస్ దగ్గర నేర్చుకున్నదే కాబట్టి ముందు దీన్ని దగ్గరగా చూద్దాం.

దీని పేరు వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్. నోట్లో పొక్కులు లేపే వైరస్ అని అర్థం. పొడి అక్షరాల్లో వీఎస్‌వీ అంటాం. గుర్రాలకు, పశువులకు, పందులకు ఇది సోకుతుంది. నాలుక మీద, చిగుళ్ళ మీద, గిట్టల పైఅంచున, పాడి ఆవులకైతే చనుమొనల మీద పొక్కులు లేస్తాయి. అవి చిట్లి పచ్చి పుళ్ళవుతాయి. నోటి నుంచి తీగలు తీగలుగా చొంగ కారుతుంది. పశువు మేత ముట్టదు, కుంటుతుంది, పాలు పడిపోతాయి. ఈ వర్ణన వినగానే మీలో పశువైద్యులకు గాలికుంటు గుర్తుకొచ్చి ఉంటుంది. నిజమే, చూపులకు ఈ రెంటినీ వేరు చేయడం కష్టం. ఒక్క తేడా మాత్రం ఉంది. గాలికుంటు చీలిన గిట్టల జంతువులకే వస్తుంది, గుర్రానికి రాదు. వీఎస్‌వీ గుర్రాన్ని కూడా వదలదు. గాలికుంటును తన గడ్డ మీద నుంచి ఎప్పుడో తుడిచిపెట్టుకున్న అమెరికా, ఒక ఆవు నోట్లో పొక్కు కనిపిస్తే చాలు ఉలిక్కిపడుతుంది. వీఎస్‌వీ మీద అక్కడ ఇంత శ్రద్ధ పెట్టడానికి మొదటి కారణం ఆ భయమే. ప్రాణం తీసే జబ్బు కాకపోయినా, ప్రాణాంతకమైన నష్టం తెచ్చే జబ్బుతో పోలిక ఉంది.

అంతర్యుద్ధ కాలంలో, 1862లో, అక్కడి సైన్యపు గుర్రాలు నాలుకలు పుండ్లై మేత తినలేక వేల సంఖ్యలో పనికి రాకుండా పోయాయని రికార్డులు చెబుతున్నాయి. వైరస్‌ను మొదటిసారి వేరు చేసింది 1925లో, ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో, పశువుల నుంచి. మరుసటి ఏడు న్యూజెర్సీలో ఇంకో రకం దొరికింది. ఈ రెంటినీ ఇండియానా రకం, న్యూజెర్సీ రకం అనే ఈనాటికీ పిలుస్తున్నాం. విద్యార్థులు కొందరు మొదటి పేరు చూసి ఇది ఇండియాలో దొరికిందనుకుంటారు కనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. ఇసుక ఈగలు, నల్ల ఈగలు వంటి చిన్న కీటకాలు దీన్ని మోస్తాయి. మనుషులకు అరుదుగా సోకుతుంది. సోకితే చాలావరకు ఫ్లూ లాంటి జ్వరం నాలుగు రోజులు ఉండి పోతుంది. ప్రయోగశాలల్లో దీనికి ఇంత చనువు దొరకడానికి ఈ మెతకదనం ఒక కారణం.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో వీఎస్‌వీ తుపాకీ గుండులా కనిపిస్తుంది. ఒక కొస గుండ్రంగా, రెండో కొస బల్లపరుపుగా ఉంటుంది. పొడవు సుమారు 180 నానోమీటర్లు. మిల్లీమీటరును 10 లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటరు. రేబిస్ వైరస్‌ది కూడా ఇదే ఆకారం, ఇద్దరిదీ ఒకే కుటుంబం. మన జన్యు గ్రంథంలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటే దీనిలో ఉన్నవి 11 వేల పైచిలుకు మాత్రమే. ఆ 11 వేల అక్షరాల ఆర్‌ఎన్‌ఏ పోగు మీద అయిదే జన్యువులు, ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి. వాటి పేర్లు ఎన్, పీ, ఎమ్, జీ, ఎల్. ఎన్ ప్రోటీన్ ఆర్‌ఎన్‌ఏ పోగును ఆసాంతం కప్పి కాపాడుతుంది. ఎల్ దాన్ని నకలు తీసే ఎంజైము, పీ దానికి తోడు. ఎమ్ లోపలి చుట్టను బిగించి గుండు ఆకారం ఇస్తుంది, కణం చేసే ఎదురుదాడిని నోరు నొక్కే పనీ అదే చేస్తుంది. జీ మాత్రం పైకి పొడుచుకొని ఉండే ముల్లు. ఏ కణంలోకి వెళ్ళాలో, ఎలా వెళ్ళాలో నిర్ణయించేది అదే. ఈ జీ అనే పేరును గుర్తు పెట్టుకోండి. మిగతా ప్రసంగమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఈ అయిదు జన్యువుల వరుసలో ఒక అందమైన ఏర్పాటు ఉంది. నకలు తీసే ఎంజైము ఎప్పుడూ ఎన్ వైపు కొస నుంచే మొదలు పెడుతుంది. ఒక జన్యువు అయిపోయి తర్వాతి దానికి దాటే ప్రతి గట్టు దగ్గరా సుమారు 30 శాతం ఎంజైములు జారిపోతాయి. కాలువ నీటి వ్యవసాయం తెలిసిన వారికి దీన్ని వేరే చెప్పనక్కరలేదు. తూము దగ్గరి మడికి నీరు పుష్కలంగా అందుతుంది, చివరి ఆయకట్టుకు చేరేది అంతంతమాత్రం. వైరస్‌కు ఎన్ ప్రోటీన్ గంపలకొద్దీ కావాలి, అది కాలువ మొదట్లో ఉంది. ఎల్ ఎంజైము కొద్దిగా ఉంటే చాలు, అది చివర ఉంది. తర్వాతి రోజుల్లో గెయిల్ వెర్ట్జ్ బృందం ఎన్ జన్యువును కావాలని కిందికి జరిపి చూసింది. ఎంత కిందికి జరిపితే వైరస్ అంత నీరసపడింది. వైరస్‌ను మెతకబరచడానికి విషం, వేడి అక్కరలేదు, పొలాల వరుస మారిస్తే చాలునని దానితో తేలింది.

ప్రయోగశాలలో దీనితో పని చేయడం ఎలా ఉంటుందో కొంచెం చెప్పనివ్వండి. గాజులాంటి ప్లాస్టిక్ పళ్ళెంలో చిట్టెలుక జాతి హ్యామ్‌స్టర్ మూత్రపిండపు కణాలను ఒకే పొరగా పెంచుతాం. హైదరాబాద్‌లో తయారయ్యే గాలికుంటు టీకాకు కూడా ఆధారం ఈ రకం కణాలే. వాటి మీద వైరస్‌ను చాలా పలచగా కలిపి పోసి, జెల్లీలాంటి అగార్‌తో కప్పి, 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతాం. ఒక్కొక్క వైరస్ తాను పడ్డ చోట ఒక కణాన్ని చంపి, దాని పక్కవాటిని చంపి, చుట్టూ విస్తరిస్తుంది. మర్నాడు అగార్ తీసేసి క్రిస్టల్ వయొలెట్ రంగు పోసి కడిగితే, బతికిన కణాలు ఊదా రంగు పట్టి నిలుస్తాయి, చచ్చిన చోట ఆవగింజంత తెల్లటి చిల్లులు కనిపిస్తాయి. ఆ చిల్లులు లెక్కపెడితే పోసిన వైరస్‌లు ఎన్నో తెలుస్తుంది. కొన్ని వైరస్‌లు ఈ పనికి వారం పది రోజులు తీసుకుంటాయి, వీఎస్‌వీకి ఒక్క రోజు చాలు. నేను విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఒకసారి మర్నాడు రంగు వేయాల్సిన పళ్ళేలను రెండో రోజుకు వాయిదా వేశాను. కడిగి చూస్తే ఊదా రంగు అన్నది లేదు. నాలుగు వారాల పని ఒక్క రాత్రి ఆలస్యానికి తుడిచిపెట్టుకుపోయింది. ఈ వైరస్ వేగం పుస్తకం కంటే ఆ ఖాళీ పళ్ళెమే నాకు బాగా నేర్పింది.

ఇంత వేగంగా, ఇంత విరివిగా పెరుగుతుంది కాబట్టే 1970 నాటి ఒక పెద్ద ప్రశ్నకు సమాధానం దీనిలో దొరికింది. ప్రశ్న ఇది. వీఎస్‌వీ ఆర్‌ఎన్‌ఏ తిరగరాసిన అక్షరాల్లో ఉంటుంది, కణంలోని ప్రోటీన్ యంత్రాంగం దాన్ని నేరుగా చదవలేదు. ముందు దాన్ని సరి అక్షరాల్లోకి నకలు తీయాలి. ఆర్‌ఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తీసే అటువంటి ఎంజైము కణం దగ్గర సిద్ధంగా లేదు. అలాంటప్పుడు కణంలో అడుగుపెట్టిన వైరస్ మొదటి అడుగు ఎలా వేస్తుంది? మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో అలైస్ హువాంగ్, డేవిడ్ బాల్టిమోర్, మార్తా స్టాంఫర్ కలిసి శుద్ధి చేసిన వీఎస్‌వీ రేణువుల పైపొరను డిటర్జెంటుతో సడలించి, రేడియోధార్మిక గుర్తు వేసిన ముడి అక్షరాలను అందించి చూశారు. కణం అన్నదే లేని ఆ గాజుగొట్టంలో కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారైంది. అంటే వైరస్ తన పనిముట్టును తన మూటలోనే కట్టుకొని వస్తోందన్న మాట. హువాంగ్ జాన్స్ హాప్కిన్స్‌లో తన పరిశోధన విద్యార్థి దశ నుంచే వీఎస్‌వీతో పని చేసినవారు, ఈ వైరస్‌ను బాల్టిమోర్‌కు పరిచయం చేసింది ఆమె. వీఎస్‌వీ మూటలో ఎంజైము ఉంటే కేన్సర్ కలిగించే ఆర్‌ఎన్‌ఏ వైరస్‌ల మూటల్లో ఏముందో అన్న ఆలోచనతో బాల్టిమోర్ అటు తిరిగి, అదే ఏడాది ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ తయారు చేసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ను కనుగొన్నారు. హోవార్డ్ టెమిన్ వేరుగా అదే కనుగొన్నారు. ఆ పనికి 1975లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కథ చెప్పేవారు చాలామంది రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ దగ్గర మొదలు పెడతారు. నా దృష్టిలో అది వీఎస్‌వీ దగ్గర, హువాంగ్ దగ్గర మొదలు కావాలి.

ఆ ఎంజైము ఎలా పని చేస్తుందో దశాబ్దాల పాటు విప్పి చూపినవారిలో మన దేశ సంతతికి చెందిన అమియ బెనర్జీ ముఖ్యులు. వీఎస్‌వీ తన ఆర్‌ఎన్‌ఏ తలకు పెట్టుకునే టోపీని మన కణాలు పెట్టుకునే పద్ధతిలో కాక మరో రసాయన మార్గంలో పెట్టుకుంటుందని 1975లోనే ఆయన బృందం సూచించింది. దాని వెనక ఉన్న ఎంజైము చర్యను 2007లో ఒగినోతో కలిసి ఆయనే నిరూపించారు. మన కణాల్లో లేని మార్గం కనుక, దాన్ని మూసే మందు దొరికితే వైరస్‌కే తగులుతుంది, మనకు తగలదు. ఈ మాట చివర్లో మళ్ళీ అవసరమవుతుంది.

ఇంటర్‌ఫెరాన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. వైరస్ సోకిన కణం పక్క కణాలను హెచ్చరించడానికి వదిలే పదార్థం అది. వీఎస్‌వీ దానికి ఇట్టే లొంగిపోతుంది. అందుకే ఒక నమూనాలో ఇంటర్‌ఫెరాన్ ఎంత ఉందో కొలవాలంటే దాన్ని కణాలకు పట్టించి, పైన వీఎస్‌వీ పోసి, ఎన్ని కణాలు బతికాయో చూస్తారు. బంగారానికి గీటురాయి ఎలాగో ఇంటర్‌ఫెరాన్‌కు వీఎస్‌వీ చాలాకాలం అలా ఉంది.

కణం లోపలి రవాణా విషయం మాత్రం నింపాదిగా చెప్పుకోవాలి. మన కణాల్లో తయారయ్యే ప్రోటీన్లలో ఎన్నో కణం ఉపరితలానికి గాని, బయటికి గాని చేరాలి. ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే పొరల అల్లికలో పుట్టి, గాల్జీ అనే పొరల దొంతరలో చక్కెర అణువులు అతికించుకుని, చిన్న తిత్తుల్లో ఎక్కి గమ్యానికి వెళ్తాయి. ఈ ప్రయాణాన్ని చూడాలంటే వేల రకాల ప్రోటీన్ల రద్దీలో ఒకదాన్ని వెంబడించాలి. వీఎస్‌వీ సోకిన కణం తన సొంత పనులు చాలావరకు మానేసి జీ ప్రోటీన్‌ను కుప్పలుగా చేస్తుంది, అదీ కణం సొంత దారుల్లోనే పంపుతుంది. రద్దీ తగ్గిన రోడ్డు మీద ఒకే రంగు బండ్లు వెళ్తున్నట్టు ఉంటుంది. పైగా టీఎస్‌ఓ45 అనే ఒక ఉత్పరివర్తనం, అంటే జన్యువు మారిన వీఎస్‌వీ, దొరికింది. దానిలోని జీ 40 డిగ్రీల దగ్గర సరిగా మడత పడక పుట్టిన చోటే ఆగిపోతుంది. వేడిని 32 డిగ్రీలకు దించితే మడత సర్దుకుని, ఆగిన జీ అంతా ఒక్కసారిగా కదులుతుంది. రైల్వే గేటు ఎత్తగానే ఆగి ఉన్న బండ్లన్నీ కలిసి బయలుదేరినట్టే. 1997లో దానికి పచ్చగా మెరిసే ప్రోటీన్‌ను అతికించి, జెన్నిఫర్ లిపిన్‌కాట్-ష్వార్ట్జ్ బృందం బతికి ఉన్న కణంలో ఆ ప్రయాణాన్ని కళ్ళారా చూపింది. ముందు కణమంతా పలచని పచ్చటి వల, తర్వాత కేంద్రకం పక్కన ఒక ముద్ద, ఆపైన అంచుల వైపు పరిగెత్తే చుక్కలు.

అంతకు ముందే జేమ్స్ రాత్‌మన్ కణాన్ని పగలగొట్టి, ఈ రవాణాను గాజుగొట్టంలో నడపవచ్చునా అని అడిగారు. ఆ ప్రయోగపు తెలివి నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. వీఎస్‌వీ సోకిన ఒక రకం కణాల గాల్జీ తీసుకున్నారు. ఆ కణాలకు ఒక చక్కెరను అతికించే ఎంజైము పుట్టుకతోనే లేదు. వైరస్ సోకని, ఆ ఎంజైము ఉన్న వేరే కణాల గాల్జీని రెండో పక్షంగా తెచ్చారు. రెంటినీ కలిపి, రేడియోధార్మిక చక్కెరను వేశారు. జీ మొదటి గాల్జీలోనే ఉండిపోతే దానికి చక్కెర అంటదు, రెండో దానికి ప్రయాణం చేస్తేనే అంటుతుంది. చక్కెర అంటిందీ అంటే సరుకు ఒక గాల్జీ నుంచి మరో గాల్జీకి చేరిందన్న మాట. ఈ పరీక్ష చేతిలో ఉండబట్టే రవాణాకు అవసరమైన ప్రోటీన్లను ఒక్కొక్కటిగా వేరు చేయగలిగారు. 2013లో రాత్‌మన్‌కు, రాండీ షెక్‌మన్‌కు, థామస్ స్యూడోఫ్‌కు కలిపి నోబెల్ ఇచ్చారు. ఇన్సులిన్ ఎలా విడుదలవుతుందో, నరాలు సందేశాన్ని ఎలా అందిస్తాయో మనకు తెలిసినదానిలో ఒక ముఖ్య భాగం పశువుల నోటి పొక్కుల నుంచి వచ్చిన ఈ ఒక్క ప్రోటీన్‌ను వెంబడించి తెలుసుకున్నదే.

జీ రెండో గొప్పతనం దాని సర్వాంగీకారం. చాలా వైరస్‌లు ఒక్కో రకం కణాన్నే గుర్తిస్తాయి. వీఎస్‌వీ మాత్రం ప్రయోగశాలలో మనిషి, ఎలుక, కోడి, చివరికి దోమ కణాల్లోకి కూడా దూరుతుంది. 2013లో దీని గుమ్మం ఏదో తేలింది. కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్‌ను లోపలికి లాక్కునే గ్రాహకమే అది, దాదాపు అన్ని కణాల మీదా ఉంటుంది. లోపలికి వెళ్ళాక తిత్తిలో ఆమ్లగుణం పెరగగానే జీ రూపం మార్చుకుని రెండు పొరలనూ కలిపేస్తుంది. అంతకంటే విశేషం, ఒకే కణంలో రెండు వైరస్‌లు పెరిగినప్పుడు వీఎస్‌వీ ఇతర వైరస్ అంగీ తొడుక్కుని బయటికి రాగలదు. 1972లో చెకోస్లోవేకియా శాస్త్రవేత్త యాన్ జావాడా దీన్ని కేన్సర్ వైరస్‌ల అంగీలతో చూపించారు. ఇలా వేషం మార్చిన వైరస్‌లను స్యూడోటైపులు అంటాం. ఎయిడ్స్ వైరస్ మన కణాల్లోకి సీడీ4 అనే గుమ్మం గుండా వెళ్తుందని 1984లో రాబిన్ వైస్ బృందం తేల్చినప్పుడు వాడిన పనిముట్టు, ఎయిడ్స్ వైరస్ అంగీ తొడిగిన వీఎస్‌వీయే.

దీన్ని తిరగేసి కూడా చేయవచ్చు, అంటే వీఎస్‌వీ అంగీని వేరే వైరస్‌కు తొడగవచ్చు. 1993లో కాలిఫోర్నియాలో జేన్ బర్న్స్, థియోడోర్ ఫ్రీడ్‌మన్, వారి సహచరులు జన్యువులను మోసే రెట్రోవైరస్‌కు జీ అంగీ తొడిగారు. దానితో అది దాదాపు ఏ కణంలోకైనా వెళ్ళగలిగింది. పైగా పాత అంగీలు వేగంగా తిప్పే యంత్రంలో చిరిగిపోతే జీ అంగీ చెక్కుచెదరలేదు కనుక వైరస్‌ను ఎంతైనా చిక్కగా పోగు చేయడం కుదిరింది. 1996లో లుయిజీ నాల్దిని, ఇందర్ వర్మ మొదలైనవారు తయారు చేసిన లెంటీవైరస్ (ఎయిడ్స్ వైరస్ జాతి) వాహకానికీ ఈ అంగీయే వాడారు. ఈనాడు రక్త కేన్సర్ రోగి సొంత టీ కణాలకు కొత్త జన్యువు ఇచ్చి తిరిగి ఎక్కించే కార్‌-టీ చికిత్సల్లో చాలావాటికి జన్యువును మోసేది లెంటీవైరస్సే. 2017లో అమెరికాలో అనుమతి పొందిన కిమ్రియా అలాంటిది. 2023లో మన దేశంలో అనుమతి పొందిన నెక్స్‌కార్19 కూడా లెంటీవైరస్ వాహకంతోనే తయారవుతుంది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో హీమోఫీలియా ఏ ఉన్న 5 మందికి వారి మూల కణాలనే లెంటీవైరస్‌తో సరిచేసి ఎక్కించిన ప్రయోగం ఫలితాలు 2024లో వెలువడ్డాయి. చీటికీమాటికీ రక్తస్రావంతో బాధపడినవారు ఆ తర్వాత ఆ బాధ లేకుండా ఉండగలిగారు. ఈ వాహకాల్లో అత్యధికం తొడుక్కునేది జీ అంగీనే.

ఇక టీకాల దగ్గరికి వద్దాం. వీఎస్‌వీ జన్యువులను మనకు నచ్చినట్టు మార్చి రాయడం చాలాకాలం కుదరలేదు. దాని ఆర్‌ఎన్‌ఏను ఒంటరిగా కణంలోకి పంపితే ఏమీ జరగదు, ఎంజైము మూట తోడు ఉండాలి. 1994లో జర్మనీలో కోంట్‌సెల్‌మాన్ బృందం రేబిస్ వైరస్‌కు ఈ చిక్కు విప్పింది. 1995లో యేల్‌లో జాక్ రోజ్ బృందం, అలబామాలో గెయిల్ వెర్ట్జ్ బృందం డీఎన్‌ఏ రూపంలో రాసిపెట్టిన వీఎస్‌వీ నుంచి ప్రాణమున్న వైరస్‌ను బయటికి తీశాయి. అప్పటి నుంచి అయిదు జన్యువుల్లో ఏది తీయాలన్నా, కొత్తది ఎక్కడ చేర్చాలన్నా అది మన చేతిలో పని అయింది.

కెనడాలోని విన్నిపెగ్ జాతీయ సూక్ష్మజీవుల ప్రయోగశాలలో హైన్జ్ ఫెల్డ్‌మన్, స్టీవెన్ జోన్స్, వారితో పని చేసిన థామస్ గైస్‌బర్ట్ మొదలైనవారు వీఎస్‌వీ నుంచి జీని తీసేసి, అక్కడ ఎబోలా వైరస్ పైముల్లు ప్రోటీన్‌ను పెట్టారు. శరీరం కంటికి అది ఎబోలాలా కనిపిస్తుంది, లోపల నడిచేది మాత్రం పశువుల వైరస్ యంత్రం. జీ లేదు కనుక వీఎస్‌వీ సహజంగా చేసే చెరుపూ చాలావరకు తగ్గిపోతుంది. కోతులకు ఒక్క మోతాదు ఇచ్చి, తర్వాత ప్రాణాంతక ఎబోలాను ఎక్కించినా అవి బతికాయని 2005లో ప్రకటించారు. ఒకే సూది, అదీ తొందరగా పని చేసేది. అంటువ్యాధి నడుస్తున్న చోట అంతకంటే కావలసింది లేదు. అయినా ఎబోలా పేదల జబ్బు, అప్పుడప్పుడు వచ్చిపోయే జబ్బు. ఆ టీకా దాదాపు పదేళ్ళు గిడ్డంగిలో చల్లటి సీసాల్లో కూర్చుంది. 2014లో గినియా, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాల్లో ఎబోలా చెలరేగి, చివరికి 28 వేలకు పైగా మనుషులకు సోకి 11 వేలకు పైగా ప్రాణాలు తీశాక గాని అది మనుషుల దాకా రాలేదు. ఆ పదేళ్ళ గురించి నాకు ఎప్పుడు ఆలోచన వచ్చినా మనసు కలుక్కుమంటుంది.

2015లో గినియాలో జరిగిన పరీక్ష వలయాకారంలో సాగింది. ఒక రోగి తేలగానే అతనితో మెలిగినవారిని, వారితో మెలిగినవారిని ఒక వలయంగా గుర్తించి టీకా వేశారు. కొన్ని వలయాలకు వెంటనే, కొన్నిటికి 21 రోజుల తర్వాత. మశూచిని మన దేశం నుంచి తరిమేటప్పుడు ఊరూరా తిరిగి చేసిన పని కూడా మూలంలో ఇదే. టీకాను మైనస్ 60 డిగ్రీల కంటే చల్లగా ఉంచాలి. కరెంటు లేని పల్లెలకు, ఎర్రమట్టి దారుల మీద, అంత చల్లదనాన్ని మోసుకెళ్ళడం మామూలు విషయం కాదు. టీకా తీసుకున్న 5,837 మందిలో, పది రోజులు గడిచాక ఎబోలా సోకినవారు ఒక్కరూ లేరు. టీకా అందనివారిలో అదే వ్యవధిలో 23 మందికి సోకింది. 2019 డిసెంబరులో ఎర్వెబో అనే పేరుతో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. అంతకు ముందు నుంచే కాంగోలో 2018-20 విజృంభణ సమయంలో 3 లక్షల మందికి పైగా దీన్ని వేశారు. ఎబోలాలోని సూడాన్ రకం మీద ఇది పని చేయదు. ముల్లు వేరు కనుక అంగీ మార్చాలి. అదే వీఎస్‌వీ దేహానికి సూడాన్ ముల్లు తొడిగిన టీకా సిద్ధంగా ఉండటంతో, 2025 జనవరి 30న ఉగాండా సూడాన్ ఎబోలాను ప్రకటిస్తే ఫిబ్రవరి 3 నాటికి వలయ పరీక్ష మొదలైంది. పదేళ్ళు గిడ్డంగిలో పడి ఉన్న టీకాను, నాలుగు రోజుల్లో కదిలిన టీకాను పక్కపక్కన పెట్టి చూడండి.

ఈ వాహకం ప్రతిచోటా నెగ్గిందని చెప్పను. కోవిడ్‌కు ఇదే పద్ధతిలో ఒక పెద్ద కంపెనీ చేసిన టీకా తగినంత రక్షణ స్పందన ఇవ్వక 2021 జనవరిలో ఆగిపోయింది. కానీ కోవిడ్ ముల్లు తొడిగిన వీఎస్‌వీ స్యూడోటైపులు ప్రపంచమంతటా యాంటీబాడీల బలాన్ని కొలవడానికి పని చేశాయి. అసలు కోవిడ్ వైరస్‌ను ముట్టుకోవడానికి కావలసిన భారీ భద్రత లేని మామూలు ప్రయోగశాలల్లో కూడా దానితో పని సాగింది. కేన్సర్ విషయంలో కూడా ఆశ ఉంది. చాలా కేన్సర్ కణాల్లో ఇంటర్‌ఫెరాన్ రక్షణ చెడిపోయి ఉంటుంది కనుక వీఎస్‌వీ వాటిని చంపి, మంచి కణాల దగ్గర ఆగిపోవాలన్నది ఆలోచన. ఒట్టావాలో జాన్ బెల్ బృందం 2000 నుంచి ఈ దారిలో నడిచింది. మనుషుల మీద పరీక్షలు నడిచాయి, మందుగా మాత్రం ఇంకా రాలేదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 1965లో నాగపూర్ దగ్గర చాందీపురా అనే ఊళ్ళో జ్వరం వచ్చిన ఇద్దరి రక్తంలో పుణె వైరాలజీ సంస్థవారు ఒక కొత్త వైరస్‌ను వేరు చేశారు. అది వీఎస్‌వీ ప్రజాతికే చెందింది. అదే తుపాకీ గుండు ఆకారం, అదే అయిదు జన్యువుల వరుస, అదే ఇసుక ఈగ. చాలాకాలం దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2003 జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, కరీంనగర్, వరంగల్ ప్రాంతాలతో సహా, పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం వచ్చి, వాంతులై, ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పేది. 329 మంది పిల్లలకు జబ్బు సోకితే 183 మంది పోయారు. చాలామంది జ్వరం మొదలైన రెండు రోజులు దాటలేదు. మొదట జపనీస్ మెదడువాపు అనుకున్నారు. నమూనాలను కణాల్లో పెంచి మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు ఆ గుండు ఆకారం కనిపించింది. వీఎస్‌వీని ఏళ్ళ తరబడి చూసిన కళ్ళకు ఆ ఆకారం వెంటనే చాందీపురా వైపు దారి చూపింది. ఆ తర్వాత గుజరాత్‌లో పలుమార్లు వచ్చింది. 2024 జూన్, ఆగస్టు మధ్య దేశంలో 64 మందికి చాందీపురా అని నిర్ధారణ అయింది, వారిలో ఎక్కువమంది గుజరాత్‌వారు.

ఈనాటికీ దీనికి అనుమతి పొందిన టీకా లేదు, దీని మీదే పని చేసే మందు లేదు. నేను ఇందాక చెప్పినవన్నీ ఇక్కడ పనికి వచ్చేవే. ఎబోలా ముల్లు పెట్టిన చోట చాందీపురా ముల్లు పెట్టవచ్చు. జన్యువుల వరుస మార్చి వైరస్‌ను మెతకబరచవచ్చు. బెనర్జీ చూపిన ఆ టోపీ మార్గం చాందీపురాకూ ఉంది, దాన్ని మూసే మందు వెతకవచ్చు. యాంటీబాడీలను కొలిచే పరీక్షను స్యూడోటైపులతో జిల్లా స్థాయి ప్రయోగశాలకు తేవచ్చు. విద్య మన దగ్గర ఉంది, ఆ విద్య తెలిసినవారు హైదరాబాద్‌లో, పుణెలో ఉన్నారు.

టీకా వచ్చే లోపు ఉన్నది పాత పని. ఇసుక ఈగ ఎక్కువ దూరం ఎగరలేదు, ఎగిరినా నేలకు దగ్గరగానే గెంతుతున్నట్టు పోతుంది. మట్టిగోడ బీటల్లో, పశువుల కొట్టంలో, పేడకుప్పల పక్కన తడి నీడలో దాక్కుంటుంది. జూన్‌లో తొలి వానలు పడకముందే ఆ బీటలు పూడ్చి, పిల్లలు పడుకునే గదుల గోడలకు కింది భాగంలో మందు కొట్టాలి. ఇక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పని చేయబోయే విద్యార్థులకు ఒక మాట. వానాకాలం మొదట్లో పొద్దున జ్వరం వచ్చి సాయంత్రానికి ఫిట్స్ వచ్చిన పిల్లవాడు మీ ముందుకు వస్తే తెల్లారేదాకా చూద్దామనుకోకండి. రక్తం నమూనా తీసి చల్లటి పెట్టెలో పెట్టండి, బండి అప్పుడే పిలవండి.